భాగీరథి బొమ్మ: ఆరో డబ్బా

ఆరో డబ్బా మూత తీయగానే ఆముదపు గింజలు జలజలా నేల మీదికి రాలాయి. పోయిన వారం మనం లేచింది అక్కడే. ఆ వారం పత్రిక అందనివాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం.

తిరుమణి దగ్గర, సోలార్ పార్కు కంచెను ఆనుకుని ఉన్న ఊళ్లో గంగప్ప ఇల్లు. వయసులో ఉన్నప్పుడు గుడారం సినిమాలో మిషను ఆడించిన మనిషి. ఆయన మంచం కింద ఒక ఇనప్పెట్టె, అందులో ఏడు డబ్బాల్లో ఒక హంగేరీ దేశం సినిమా. ఎప్పుడో తీసిన తెలుపూ నలుపూ బొమ్మ. లోకంలో ఇంకెక్కడా లేదనుకుంటున్న ఆ సినిమా కోసం బెంగళూరు నుంచి గోపికృష్ణ వచ్చాడు. పాత సినిమా రీళ్లు ఏరి దాచుకోవడం ఆయన పిచ్చి. ఊరంతా చుట్టూ మూగి చూస్తుండగా ఒక్కో డబ్బా తెరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. పులిసిన వాసన వస్తే రీలు కుళ్లినట్టట. మొదటి అయిదూ బాగున్నాయి. ఆరో దాంట్లో సినిమాయే లేదు. గంగప్ప గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయాడు. ఆయన భార్య ఈరక్క టీ పెడతానని లోపలికి వెళ్లి, టీ పెట్టకుండా అక్కడే కూర్చుండిపోయింది.

గింజలు పోసింది ఆమే. మీలో తెలివైనవాళ్లు అప్పుడే కనిపెట్టి ఉంటారు.

ఎందుకు పోసిందో తెలియాలంటే ఆమె పెళ్లయిన కొత్తలకు పోవాలి. పావగడ తాలూకాలో వేరుశనగ పీకి కాయ ఇంటికి చేరాక గుడారం సినిమా వచ్చేది. ఒకసారి బస్సు టాపు మీద రావలసిన పౌరాణికం పెట్టె ఎక్కడో మారిపోయి, ఈ పెట్టె దిగింది. జనం అప్పటికే టికెట్లు తీసుకుని ఇసుకలో కూర్చున్నారు. తెర మీద తెల్లవాళ్లు ఏదో భాషలో మాట్లాడుకుంటున్నారు. ఈలలు మొదలయ్యాయి. గుడారం యజమాని సంజీవప్ప గంగప్ప చేతిలో మైకు పెట్టి, ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించమన్నాడు. ఇంగ్లీషు సినిమాలకు మైకులో కథ చెప్పడం ఆ గుడారాల్లో మామూలే. కాకపోతే చెప్పేవాడికి నాలుగు ఇంగ్లీషు ముక్కలైనా వచ్చేవి. ఇది ఏ భాషో కూడా గంగప్పకు తెలియదు. ఆయన చెప్పిందే కథ అయింది.

అసలు సినిమాలో హీరోయిన్ ఉప్పు బండ్లు పోయే దారిలో పూటకూళ్లిల్లు నడుపుకునే మనిషి. గంగప్ప ఆమెను వై.ఎన్.హొసకోట శెనక్కాయల వ్యాపారి కూతుర్ని చేశాడు. ఉప్పు బండివాణ్ణి పావగడ బస్సు డ్రైవరును చేశాడు. ఆమెకు భాగీరథి అని పేరు పెట్టాడు. ఒక్క ఆటతో పోతుందనుకున్న బొమ్మ అరసికెరెలో, వెంకటమ్మనహళ్లిలో, హొసకోటలో, గుడారం లేచిన ప్రతిచోటా ఆడింది. తాలూకాలో దాని అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరికీ అది భాగీరథి బొమ్మ.

ఆ పేరు గాల్లోంచి ఊడిపడలేదు. హొసకోటలో నిజంగానే ఒక భాగీరథి ఉంది. గంగప్ప పెద్దమనుషుల చేత ఆమెను అడిగించాడు. గుడారంలో మిషను తిప్పేవాడికి పిల్లనెవడిస్తాడని ఆమె అన్నలు చెప్పి పంపారు. ఆ ఏడే గంగప్ప ఈరక్కను చేసుకున్నాడు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. ఈరక్కకు మాత్రం ఆడవాళ్ల వైపు ఇసుకలో కూర్చుని ఉండగా, చేతుల పసుపు ఆరకముందే, మైకులో తెలిసింది.

ఆరో రీల్లో ఆ తెల్లామె కిటికీ పక్కన నిలబడి సూటిగా మనవైపు చూస్తుంది. చాలాసేపు చూస్తుంది. మాట లేదు, పాట లేదు. అక్కడికి రాగానే గంగప్ప గొంతు మారేది. “భాగీరథీ, పోవాకు. నా మాట ఇను” అనేవాడు. ఆడవాళ్లు ముక్కులు చీదేవాళ్లు. ఈరక్క పక్కన కూర్చున్న మేనత్త కూడా కొంగుతో కళ్లొత్తుకుని, “నీ మొగుడు భలే చెప్తాండాడే” అని మెచ్చుకుంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకన్నట్టు, ఈరక్కకు ఆ పిలుపు కంటే ఆ మెచ్చుకోలుకే ఎక్కువ మండింది.

సవతి అంటే ఎముకలూ కండలూ ఉన్న మనిషే కావాలని ఎవరన్నారు? ఈరక్క సవతి మంచం కింద పెట్టెలో చుట్టలు చుట్టుకుని ఉండేది. గుడారాల కాలం పోయి సంజీవప్ప ఆ పెట్టెను గంగప్పకే వదిలేసి వెళ్లాడు. భార్యకు ఆపరేషను ఏ రోజో గంగప్పకు గుర్తుండదు గానీ, ఎండాకాలం రాగానే పెట్టె బయటికి లాగి డబ్బాలను మెత్తటి గుడ్డతో తుడవడం మాత్రం మరవడు. గాలి తగిలితే చెడుతుందని మూతల చుట్టూ ఉన్న పట్టీలు విప్పేవాడు కాదు. అదే ఈరక్కకు కలిసొచ్చింది. ఆయన హిందూపురం సినిమా హాల్లో పనికి పోయిన ఒక ఏడు, ఆరో డబ్బా ఖాళీ చేసి, బరువు తేడా తెలియకుండా ఆముదాలు పోసి, మళ్లీ పట్టీ చుట్టేసింది. ఆ తర్వాత ఏటేటా మొగుడు ఆముదాల డబ్బాను అంత అపురూపంగా తుడుస్తుంటే, అటు తిరిగి నవ్వుకునేది. ఆమె సంసారంలో అంతకన్నా సుఖమిచ్చిన విషయం ఇంకొకటి ఉందని నేననుకోను.

మరి రీలు? శెనక్కాయ చేనికి నెమళ్లు పడుతున్నాయి, గుంజలకు కట్టమని గొర్రెలు మేపే బోరన్నకు ఇచ్చింది. క్యాసెట్ల టేపు చేన్ల మీద కట్టే రోజులవి. గాలికి గుయ్యిమంటే పిట్ట వాలదు. బోరన్న కట్టాడు. ఫిల్ము టపటపా కొట్టుకుంటుంటే ఆ కారు నెమళ్లు దరిదాపులకు రాలేదు. ఇప్పుడా చేను సోలార్ వాళ్లకు లీజుకు పోయింది. కాయ కాసిన చోట నల్ల పలకలు ఎండ కాస్తున్నాయి. బోరన్న కాలం చేశాడు. ఆరో రీలు సంగతి మట్టిలో కలిసిందని ఈరక్క నిశ్చింతగా ఉంది.

నిన్న మూత తీసేదాకా.

తెల్లారేసరికి గోపికృష్ణ ముందు వాకిట్లో చాప వేసుకుని, చిన్న భూతద్దం కంటికి పెట్టుకుని, మిగిలిన రీళ్లను వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. చేతులకు తెల్లటి గుడ్డ తొడుగులు. పెళ్లికూతురు చెయ్యి పట్టుకున్నవాడిలా ఆ ఫిల్మును రెండు వేళ్లతో అంచుల దగ్గరే పట్టుకుంటున్నాడు. గంగప్ప కొంచెం అవతల మోకాళ్లు కౌగిలించుకుని కూర్చున్నాడు. రాత్రి అన్నం ముట్టలేదు. ఈరక్క టీ గ్లాసులు తెచ్చి పెట్టి, వెళ్లకుండా నిలబడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే అంది.

“ఎలకలు తినింటాయి సార్. మా ఇంట్లో ఎలకలు చానా.”

“ఎలకలు తిని, ఆముదాలు పోసి, పట్టీ చుట్టి పోయినాయామ్మా?” అన్నాడు గోపికృష్ణ నవ్వుతూ. ఆయన వాళ్లది మడకశిర. పుట్టి పెరిగింది బెంగళూరైనా మాట మన మాటే. “ఎవరు తీసినారో నాకక్కర లేదు. అది యాడుండాదో తెలిస్తే చాలు.”

“ఒక్క డబ్బా లేకుంటే ఏమప్పా? మిగిలినవి ఉండాయి కదా.”

గోపికృష్ణ భూతద్దం పక్కన పెట్టాడు. “అమ్మా, ఈ సినిమా తీసినోళ్ల దేశంలోనే ఇది లేదు. దాచిన గోడౌను కాలిపోయింది. మిగిలింది ఒక పోస్టరు, నాలుగు ఫొటోలు. ఆ ఫొటోలు చూసే పేజీలకు పేజీలు రాసినారు. పారిస్‌లో ఒకాయన దగ్గర ఆ పోస్టరు ఉండాది. దాన్ని అద్దం కట్టించి, గదికి బీగం వేసి పెట్టుకున్నాడు. ఇంకొకాయన దగ్గర హీరోయిన్ కోటు గుండీ ఉండాది.”

“గుండీనా?”

“గుండీనే.”

“గుండీ పెట్టుకుని ఏం జేస్తాడు?”

“చూసుకుంటాడు.”

ఇది విని మీరూ నేనూ నవ్వుతాం. ఈరక్క నవ్వలేదు. ఆముదాల డబ్బా తుడుచుకునే మొగుడితో కాపురం చేసిన మనిషికి గుండీ ఏ మూలకు?

“అంత బాగుంటాదా సార్ ఈ బొమ్మ?”

“బాగుంటాదో లేదో ఎవరికి తెలుసమ్మా? చూసినోళ్లు లోకంలో ఎవరూ లేరు, మీ తాలూకా వాళ్లు తప్ప. దొరకదు కాబట్టే దాని మీద అంత ఆశ. నేను చూసినా అని చెప్పుకోవాల, పక్కనోడు చూడలేకపోవాల. అంతే. మా రోగం అదే.”

“మరి ఇంకో ఊర్లో ఇట్లాంటిదే ఇంకొకటి దొరికితే మంచిదే కదా? ఆ ఆరోది ఆడ ఉంటాది.”

గోపికృష్ణ ముఖం మాడిపోయింది. “అట్లనాకమ్మా. ఇంకొకటి ఉంటే ఇది ఒక్కటే ఎట్లవుతుంది?” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, బెంగళూరులో తనలాగే రీళ్లు దాచే స్నేహితుడికి తిరుపతి పోతున్నానని అబద్ధం చెప్పి వచ్చాననీ, దారిలో ఫోను ఆపేశాననీ, అతనికి దీని వాసన తగిలితే తనకు ఇక నిద్ర ఉండదనీ చెప్పాడు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్లట.

ఈరక్క ఆయన వంక మొదటిసారి జాలిగా చూసింది. ఈయనకూ నా రోగమే అనుకుంది. తనకు చదువు లేదు, పారిస్ ఎక్కడుందో తెలియదు. కానీ ఉన్నది నా ఒక్కదానికే ఉండాలనీ, ఇంకొకరి చెయ్యి పడితే ఉన్నా లేనట్టేననీ ఇంత పెద్ద చదువుకున్నాయన కూడా బాధపడుతుంటే ఆమెకు ఏదో ధైర్యం వచ్చింది. చెప్పేద్దామా అని నోటిదాకా వచ్చింది కూడా. అంతలో ఆయనే చెడగొట్టాడు.

“ఆ ఆరో రీలు ఉండుంటే, పెద్దాయన మైకు పట్టుకుని అప్పట్లో చెప్పినట్టే మొత్తం కథ చెప్తుంటే రికార్డు చేసుకుందును. హంగేరీ కథ కంటే అదే నాకు అపురూపం. నిన్నట్నుంచి చూడండి, తాలూకా అంతా వాట్సాప్‌లో ఇదే. మన భాగీరథి దొరికిందంట అని.”

ఆ మాటకు గంగప్ప తల ఎత్తాడు. నిన్న మధ్యాహ్నం నుంచి రాయిలా ఉన్న ముఖంలో ఏదో కదిలింది. ఈరక్క అది చూసింది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఖాళీ కాని గ్లాసును కూడా తీసుకుని విసవిసా లోపలికి పోయింది.

పెరట్లో నీళ్ల పొయ్యి మండుతోంది. శెనక్కాయ పొట్టు ఎగదోసి లేచేసరికి, పెరటి తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చేసిన నేత చీర, నెరిసిన జుట్టు బిగించిన ముడి, చేతికి వాచీ, మోచేతికి ప్లాస్టిక్ వైరు బుట్ట. ఎవరని ఈరక్క అడగలేదు. ఈ మనిషి పనిచేసిన బడి ఉన్న వీధిని తప్పించుకోవడానికి ఆమె హొసకోట సంతకు ఎన్నేళ్లు చుట్టుదారిన పోయిందో ఆమెకే తెలుసు. పెళ్లిళ్లలో దూరం నుంచి చూసి, ముడి ఎట్లా వేసుకుంటుందో, నవ్వితే ఏ పన్ను కనబడుతుందో అంతా బట్టీ పట్టింది.

“ఈరక్కా, నేను హొసకోట భాగీరథమ్మను.”

“తెలుసులే టీచరమ్మా. దోవ ఎవురు చూపించినారు?”

“చూపించే పనేముంది? నిన్నట్నుంచి అందరి ఫోన్లలో మీ ఇల్లే ఉండాది.”

“ఆయప్ప ముందర వాకిట్లో ఉండాడు. నువ్వు పోవాల్సింది ఆడికి. పెరట్లో ఏముండాది?”

“నేనొచ్చింది నీ దగ్గరికే. కూర్చోమనవా?”

ఈరక్క కూర్చోమనలేదు. భాగీరథమ్మే పీట లాక్కుని కూర్చుని, వైరు బుట్ట ఒళ్లో పెట్టుకుంది. పైన కప్పిన తువ్వాలు తీసింది. లోపల నల్లగా, గుండ్రంగా, బిగించి చుట్టిన ఫిల్ము. ఒక కొస అడ్డంగా చిరిగి ఉంది. ఆ చిరుగు, డబ్బాలోంచి తీసిన రోజున ఈరక్క పళ్లతో చేసింది. ఎన్నేళ్లయినా ఆమె తన పంటిగాటును గుర్తుపట్టింది.

“ఇది నీకెట్లొచ్చింది?” అంది.

“బోరన్న ఇచ్చినాడు. నువ్వు చేన్లో కట్టమంటే ఒక మూరెడో బారెడో కట్టినాడంట. మిగిలింది చంకన పెట్టుకుని మా ఇంటికి తెచ్చినాడు. మేడమ్మా, ఇది భాగీరథి బొమ్మ, నీ బొమ్మ మాకెందుకు, నువ్వే పెట్టుకో అన్నాడు. పాపం, ఆయప్ప ఆ సినిమా నాదే అనుకున్నాడు. నా ఫొటోలు నాకిచ్చినట్టు ఇచ్చిపోయినాడు.”

ఈరక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తాను పీడ వదిలిందని సంతోషపడ్డ రోజునే, ఆ పీడ నడిచిపోయి సరిగ్గా చేరకూడని చోట చేరింది. తన చేత్తోనే సవతికి సారె పంపినట్టయింది.

“ఇన్నేండ్లూ దాచుకున్నావా?”

“బియ్యం డ్రమ్ములో. తేమ తగలకుండా.”

“ఎందుకు?”

భాగీరథమ్మ బుట్ట మీద తువ్వాలు మళ్లీ కప్పింది. కంచె అవతల పలకలు కడిగే ట్యాంకరు పోతుంటే, ఆ చప్పుడు పోయేదాకా ఆగింది.

“మా అన్నలు నన్ను గుడారానికి పోనీలే. హొసకోటలో అది ఆడినన్ని దినాలు ఇంటికి గొళ్లెం పెట్టి పోయేవాళ్లు. గుడారమేమో ఊరవతల. గాలి మావైపు వీస్తే మైకు గొంతు వస్తాండె, మాట తెలిసేది కాదు. పొద్దున నీళ్లకు పోతే అందరూ నన్నే చూస్తాండ్రి. నీ పేరు ఎట్ల పిలిచినాడే, ఎట్ల పిలిచినాడే అని. అరసికెరె వాళ్లు విన్నారు. వెంకటమ్మనహళ్లి వాళ్లు విన్నారు. నువ్వు విన్నావు. నేను తప్ప తాలూకా అంతా విన్నారు ఈరక్కా.”

“వినుంటే తెలిసేది నా కడుపుమంట.”

“నాకు నీ మీదే మంట. ముందర వరసలో కూర్చుని విన్న మనిషివి. వచ్చిన సంబంధాలన్నీ ఆ మైకు మాటకు వెనక్కి పోయినాయి, నేను పెండ్లి చేసుకోలే. దానికి కూడా నేనంత ఏడవలే. ఈ రీలు ఎండకు పట్టి ఒక్కొక్క బొమ్మ చూసినా. ఆయమ్మ ముక్కు ఇంత పొడుగు, నాకు ముక్కే లే. ఏం పోలికని పెట్టినాడో. ఎంత చూసినా ఆయమ్మ ఊరికే చూస్తాండాది. మాట లే. నాకు కావాల్సింది దీంట్లో లేదు. అది ఆయప్ప నోట్లో ఉండాది.”

ఈ ఆడది హాయిగా జీతం తీసుకుని, ఇస్త్రీ చీరలు కట్టుకుని, తన మొగుడి మనసులో కాలు మీద కాలేసుకుని కూర్చుందని ఈరక్క అనుకుంటూ వచ్చింది. ఆ ఆడదేమో తనను చూసి కుళ్లుతూ వచ్చింది. తాను విని కాలిపోయిన మాటను వినలేదని ఇంకొకతె కాలిపోయిందంటే, ఈరక్కకు జాలి కలగలేదు. అబద్ధమెందుకు, సంతోషమే కలిగింది. ఆ వెంటనే భయం వేసింది. ఇంత ఆశ పెట్టుకున్న మనిషి ఊరికే రాదు. చూపు తనకు తెలియకుండానే నీళ్ల పొయ్యి మీదికి పోయింది. రెండడుగులు వేసి ఆ బుట్ట లాక్కుంటే చాలు.

“పొయ్యి దిక్కు చూడాకు” అంది భాగీరథమ్మ బుట్టను రెండు చేతులా పొదివి పట్టుకుని. “కాల్చేదైతే నేనే ఎప్పుడో కాల్చిందును. ఇచ్చేస్తా. ఆ బెంగళూరాయనకు ఇస్తా, మీకే ఇస్తా, నాకు దీంతో పనిలే. ఒక్కటే అడుగుతా. ఈ రీలు తెర మీద పడినప్పుడు గంగప్ప మైకు పట్టుకోవాల. అప్పుడు ఎట్ల పిలిచినాడో అట్లే పిలవాల. నేను కూర్చుని వినాల. ఒక్క తూరి.”

“నా ముందరనా?”

“నువ్వు ఇంట్లో ఉండు. నేను వద్దంటినా?”

ఎంత మాట! ఈరక్క ముక్కుపుటాలు అదిరాయి. “నా మొగుడు నీ పేరు పిలుస్తాంటే నేను ఇంట్లో తలుపేసుకోవాలనా?”

“నన్ను తలుపేసే కదమ్మా పెట్టింది అప్పుడు” అంది భాగీరథమ్మ. ఆమె గొంతులో ఎకసెక్కం లేదు. ఉంటే ఈరక్కకు సులువయ్యేది. “ఇంకొకటి. రీలు నువ్వు పారేసినావని ఆయప్పకు చెప్పనవసరం లే. బోరన్న ఎత్తుకుపోయినాడని చెప్దాం. పోయిన మనిషి వచ్చి కాదనడు. నీ సంసారంలో నిప్పు పెట్టను నేను. నీ తప్పు నా దగ్గరే ఉంటాది.”

మంచి మాటే. ఇంకెవరైనా అని ఉంటే ఈరక్క చేతులు పట్టుకునేది. కానీ ఈ మనిషి దగ్గరా? మొగుడి గొంతు ఈమెకు ఇవ్వాలి, దానికి బదులుగా ఈమె దయ తీసుకోవాలి. ఇకమీదట ఎక్కడ కనబడినా, నీ గుట్టు నా దగ్గరుందిలే అన్నట్టు చూస్తుంది. మంచిగా చూస్తుంది, అదే చావు. ఓర్వలేనితనానికి ఒక గొప్ప గుణం ఉంది. అవసరమొస్తే అది మనిషి చేత నిజం కూడా చెప్పిస్తుంది.

“నీ దయ నాకొద్దు టీచరమ్మా. నువ్వు ఈడే కూర్చో. కదలాకు” అని ఈరక్క కొంగు నడుముకు దోపి ముందు వాకిట్లోకి నడిచింది.

గోపికృష్ణ నాలుగో రీలు చుడుతున్నాడు. గంగప్ప కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. ఎదురింటి గంగక్క చేటలో కొర్రలు చెరుగుతూ, చెవులు మాత్రం ఇటే పెట్టింది. ఈరక్క అవేవీ చూడలేదు. మొగుడి ముందుకు పోయి నిలబడింది.

“ఇదో చూడు. ఆరో రీలు తీసింది నేనే. ఎలకలు కాదు, దొంగలు కాదు. నువ్వు హిందూపురంలో ఉన్నప్పుడు తీసి, చేన్లో నెమళ్లకు కట్టమని బోరన్నకు ఇచ్చినా. ఆముదాలు పోసింది నేనే.”

గంగప్ప ఆమె ముఖంలోకి చూశాడు. గోపికృష్ణ చేతిలో రీలు ఆగింది.

“ఎందుకని అడుగు. అడగవు. నేనే చెప్తా. నీతో ఇంతకాలం బతికినా. ఏమే అంటావు, ఓయ్ అంటావు, యాడ చచ్చినావు అంటావు. నా పేరు ఒక్క తూరి అట్ల పిలిచినావా? ఆ తెల్లదాన్ని పిలిచినావే, గొంతు పట్టేసినట్టు, అట్ల? ఒక్క తూరి పిలిచింటే నేను దాని జోలికి పోతాంటినా?” ఈరక్క ఊపిరి తీసుకుంది. ఇంకా మిగిలి ఉంది, అది చెప్పడమే కష్టం. “ఆ రీలు పోలే. ఇంట్లోనే ఉండాది. హొసకోట టీచరమ్మ ఇన్నేండ్లూ దాచిపెట్టుకుని, ఇప్పుడు తెచ్చింది. నువ్వు మైకులో ఆయమ్మ పేరు మళ్లా పిలిస్తే ఇస్తాదంట. చెప్పు. పిలుస్తావా?”

గోపికృష్ణ ఒక్క ఉదుటున లేచాడు. “ఉందా? ఎంత ఉందమ్మా? చుట్టు విడిపోలేదు కదా? పులిసిన వాసన వస్తాందా?” అని వరసగా అడిగేస్తున్నాడు.

ఈరక్క అన్నిటికీ సిద్ధపడే వచ్చింది. తిడతాడనుకుంది. చెయ్యి ఎత్తుతాడనుకుంది, ఎత్తితే ఎత్తనీ అనుకుంది. రీలు ఎక్కడ, ముందు రీలు చూపించు అని పరిగెత్తుతాడనుకుంది. అంతగా తుడుచుకున్నాడు కదా, రీలు మీదే ఆశ అయితే అంతకన్నా ఏం కావాలి? బొమ్మ మీద పిచ్చిని ఆమె క్షమించగలదు. నిజానికి ఆ ఒక్క మాట అతని నోటి నుంచి వస్తే చాలునని, దేవుళ్లందరికీ లోలోపల మొక్కుకుంటూ నిలబడింది.

గంగప్ప మెల్లగా లేచాడు. గడ్డం మాసి ఉందేమోనని అరచేత్తో చెంప తడుముకున్నాడు. పంచె సర్దుకున్నాడు.

“భాగీరథి వచ్చిందా?” అన్నాడు. “యాడుండాది?”

అదే గొంతు. ఇసుకలో కూర్చుని విన్న గొంతు. వయసు మీద పడి కాస్త బొంగురుపోయింది, అంతే తేడా. ఎదురింట్లో గంగక్క చెరగడం ఆపేసింది.

గంగప్ప ఇంటి వైపు కదిలాడు. ఆయన కంటే ముందు ఈరక్క పరుగెత్తింది. నిలబడి అడ్డుకుంటే చెయ్యి పట్టి పక్కకు జరపొచ్చు. అందుకని గడప మీద అడ్డంగా కూలబడి, రెండు కాళ్లూ బారజాపింది. గడప మీద కూర్చోకూడదని ఆమె తన పిల్లలకు నేర్పింది. నిద్రపోయే పసిబిడ్డనైనా దాటిపోకూడదని కూడా నేర్పింది. అలా దాటడమంటే ఆ మనిషి లేనట్టే లెక్క.

“పోవాలంటే నన్ను దాటుకుని పో” అంది.

“లెయ్యే” అన్నాడు గంగప్ప.

“పేరు పెట్టి చెప్పు. లేస్తా.”

పెరటి వైపు నుంచి పీట జరిగిన చప్పుడైంది. ఎవరో రెండడుగులు వేసి ఆగిపోయారు. ఈరక్క వెనక్కి తిరిగి చూడలేదు. మొగుడి నోటి వంకే చూస్తోంది. గంగప్ప నోరు తెరిచాడు. ఏమీ అనకుండానే మూశాడు. ఆయన చూపు ఆమె తల మీదుగా చీకటిగా ఉన్న లోపలి గదిలోకి పోయింది. పంచె కొంచెం పైకి పట్టుకున్నాడు.

కుడికాలు ఎత్తాడు.